మూటతో బయలుదేరినవారు: కలకత్తా రేవు, మారిషస్ దారులు

హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున ఉన్న మారిషస్ చిన్న ద్వీపం. పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45 కిలోమీటర్లు. భుజాన సంచీ తగిలించుకొని రాజధాని పోర్ట్ లూయీలో ఉదయం బస్సెక్కిన యాత్రికుడు చెరకు తోటల మీదుగా ఆగ్నేయ తీరాన ఉన్న మహేబూర్గ్‌కు పోయి, సాయంత్రానికి తిరిగి బస చేరుకోవచ్చు. దారిలో అతణ్ణి ఆపి, నీది ఏ జిల్లా, ఇక్కడికెందుకు వచ్చావు అని అడిగేవారు లేరు. కానీ ఇవే దారుల మీద, ఒక జిల్లా సరిహద్దు దాటి మరొక జిల్లాలో అడుగుపెట్టినందుకు మనుషులను పట్టి బంధించిన కాలం ఒకటి ఉండేది. అలా పట్టుబడినవారిలో ఎక్కువమంది కలకత్తా రేవులో ఓడ ఎక్కినవారు. కొందరు గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి నుంచి, ఆ తరువాత మద్రాసు నుంచి వెళ్ళిన తెలుగువారు.

ద్వీపంలోని రహదారుల చరిత్రకే కలకత్తాతో సంబంధం ఉన్నది. 1810లో ఫ్రెంచివారి నుంచి మారిషస్‌ను గెలుచుకొన్న ఆంగ్లేయులు, 1815 మొదలు 1837 వరకు బెంగాల్, బొంబాయి రాజధానుల నుంచి సుమారు పదిహేను వందల మంది ఖైదీలను అక్కడికి తరలించారు. వీరిచేత చేయించిన పనులలో ముఖ్యమైనది రోడ్ల నిర్మాణం. 1836లో బీగిల్ నౌకపై వచ్చిన చార్లెస్ డార్విన్ ఈ ఖైదీలను చూసి, వారి గంభీరమైన ముఖవర్చస్సుకు ఆశ్చర్యపడ్డాడు. పొరుగున ఉన్న బోర్బోన్ ద్వీపపు దారులతో పోల్చి ఇక్కడి దారులను మెచ్చుకొన్నాడు. ఈనాడు బస్సులు తిరిగే మార్గాలకు పునాదిరాళ్ళు కొట్టినవారిలో హుగ్లీ తీరం నుంచి సంకెళ్ళతో వెళ్ళినవారున్నారన్న మాట. యాత్రా దర్శినులలో ఈ సంగతి కనిపించడం అరుదు.

ఖైదీల తరువాత కూలీలు వెళ్ళారు. 1834 సెప్టెంబరు 10న కలకత్తా పోలీసు కార్యాలయంలో, మేజిస్ట్రేటు ఎదుట, ఛోటా నాగపూర్ కొండ ప్రాంతాలకు చెందిన 36 మంది ఒక ఒప్పందానికి సమ్మతి తెలిపారు. హంటర్ ఆర్బత్‌నాట్ కంపెనీ వారి చెరకు తోటలో ఐదేళ్ళు పనిచేయాలి; నెలకు ఐదు రూపాయల జీతం. ఆ పత్రంలోని భాష వారికి చదవరాదు. వారిని తీసుకొని వెళ్ళిన 'అట్లాస్' ఓడ నవంబరు 2న పోర్ట్ లూయీ చేరింది. మరి మూడు నెలలకు, అంటే 1835 ఫిబ్రవరి 1న, ద్వీపంలో బానిసత్వం చట్టరీత్యా రద్దయింది. ఈ రెండు తేదీలు ఇంత దగ్గరగా ఉండడం కాకతాళీయం కాదు. బానిసలు పోయిన చోట మరొకరు కావలసివచ్చారు.

తెలుగు తీరం కూడా ఈ వ్యాపారంలో మొదటినుంచీ ఉన్నది. ఫ్రెంచి యానాం నుంచి 1828-29 నాటికే కొందరు బోర్బోన్‌కు వెళ్ళారు. 1830వ దశకంలో కోరంగి నుంచి ఓడలు మారిషస్‌కు సాగాయి. అక్కడి క్రియోల్ జనం తెలుగువారందరినీ 'కోరంగీలు' అని పిలవడం అందువల్లనే. 1839 నవంబరులో వచ్చిన పెనుతుపాను కోరంగి రేవును నాశనం చేసింది. మోసాలు, దౌర్జన్యాలు బయటపడి ఆగిపోయిన వలసను 1842 చట్టంతో తిరిగి అనుమతించినప్పుడు కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులకు మాత్రమే ఆ హక్కు దక్కింది. అటుపై తెలుగు కూలీ మద్రాసు దారి పట్టవలసివచ్చింది. ఊరు రేవు కాకుండా పోయినా పేరు మాత్రం ద్వీపంలో మనుషులకు అంటుకొని మిగిలింది.

మారిషస్ చేరిన దాదాపు నాలుగున్నర లక్షల మంది భారతీయులలో సగానికి పైగా కలకత్తా మీదుగా వెళ్ళినవారే. వారిని సేకరించే దళారికి 'ఆర్కాటీ' అని పేరు. అక్కడ రాయి తిప్పితే బంగారం దొరుకుతుందని అతడు నమ్మించేవాడని వలస కుటుంబాలలో తరతరాలుగా చెప్పుకొంటారు. భవానీపూర్ వంటి చోట్ల ఉన్న డిపోలలో వైద్య పరీక్ష, పేరు నమోదు, మెడలో సంఖ్య వేసిన రేకు బిళ్ళ, కొన్నాళ్ళ నిరీక్షణ. ఆపైన గార్డెన్ రీచ్, కిదిర్‌పూర్ వైపు నుంచి హుగ్లీ దిగి సముద్రంలోకి ప్రయాణం. బెంగాల్ వలసల తీరును విచారించి 1883లో నివేదిక సమర్పించిన అధికారి, ఆ తరువాత భారతీయ భాషల సర్వేక్షణతో ప్రసిద్ధుడైన గ్రియర్సన్ కావడం సాహిత్య పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం. కూలీ వెంట తీసుకువెళ్ళినది ఒక గుడ్డ మూట. అందులో ఒకటి రెండు బట్టలు, ఒక లోటా, కొందరికి ఒక రామాయణం ప్రతి. ఓడలో పరిచయమైనవారు జీవితాంతం 'జహాజీ భాయి' అని పిలుచుకొన్నారు. కులం పట్టింపులు నౌక మీద సడలిన చోట ఈ కొత్త చుట్టరికం పుట్టింది.

ఐదేళ్ళ ఒప్పందం ముగిసినవాడు ఏమి చేయాలి? ఇక్కడే అసలు చిక్కు. చట్టప్రకారం అతడు స్వేచ్ఛాజీవి. కూరగాయలు పండించుకోవచ్చు, బుట్ట నెత్తిన పెట్టుకొని ఊరూరా అమ్ముకోవచ్చు, మరొక తోటలో ఎక్కువ కూలి ఇస్తారంటే అక్కడికి పోవచ్చు. కూలీ నడవగలిగితే బేరం ఆడగలడు. అతడు బేరం ఆడితే కూలి పెరుగుతుంది. తోట యజమానులకు ఇది రుచించలేదు. ఒప్పందంలో ఉన్నవాడు ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసే పద్ధతి అప్పటికే ఉన్నది. ఒప్పందం తీరినవాడిని కూడా కట్టివేయడానికి మరొక సాధనం కావలసివచ్చింది. గవర్నరు సర్ హెన్రీ బార్క్‌లీ కాలంలో, 1867లో వచ్చిన 31వ ఆర్డినెన్సు ఆ సాధనం.

దీని ప్రకారం 'పాత వలసదారు' ప్రతి ఒక్కడూ తన ఛాయాచిత్రం అతికించిన టికెట్టు దగ్గర ఉంచుకోవాలి. నివసించే జిల్లాకు పోలీసుల పాసు తీసుకోవాలి. జిల్లా మారితే మళ్ళీ తెలియజేయాలి. టికెట్టు పోతే రుసుము కట్టి కొత్తది తెచ్చుకోవాలి. అది వచ్చేలోగా పోలీసు కంటపడితే దేశదిమ్మరి కింద లెక్క. అలా పట్టుబడినవారిని ఉంచడానికి పోర్ట్ లూయీ పొరుగున గ్రాండ్ రివర్ వద్ద ప్రత్యేకంగా ఒక డిపో నడిచింది. ఆ సంవత్సరాలలోనే మలేరియా మహమ్మారి వేలాది మందిని పొట్టన పెట్టుకొన్నది. జ్వరంతో పని మానినవాడికి, పని ఎగగొట్టినవాడికి మధ్య తేడా చూసే ఓపిక పోలీసులకు లేకపోయింది. ఛాయాచిత్రకళ అప్పటికి ఇంకా కొత్తది. సంపన్నులు ముచ్చటపడి తీయించుకొనేది. ద్వీపంలో మాత్రం అది అతి పేదవాడి మెడకు చుట్టుకొన్నది.

విచిత్రమేమంటే ద్వీపంలో ప్రజారవాణా మొదలైనది కూడా సరిగ్గా అప్పుడే. 1864 మే నెలలో పోర్ట్ లూయీ నుంచి ఫ్లాక్ వైపు ఉత్తర రైలుమార్గం, 1865లో మధ్య పీఠభూమి మీదుగా మహేబూర్గ్‌కు మరొక మార్గం ప్రారంభమయ్యాయి. రైలు ఎక్కడానికి ఒక టికెట్టు, దిగిన చోట నిలబడడానికి మరొక టికెట్టు. మొదటిది డబ్బిస్తే దొరికేది. రెండవదానికి పోలీసు దయ కావాలి.

ఈ అన్యాయాన్ని బయటపెట్టినవాడు అదొల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఐరోపా వంశీయుడు. నువెల్ దెకువెర్త్ తోట వ్యవహారాలు చూసేవాడు. 1871లో పాత వలసదారుల పక్షాన ఒక వినతిపత్రం తయారుచేసి గవర్నరు ఆర్థర్ గార్డన్‌కు అందజేశాడు. దాని మీద సంతకాలు, వేలిముద్రలు, గుర్తులు అన్నీ కలిపి 9,401. చదువురాని జనం, కదిలితే పట్టుబడే జనం, ఊరూరా తిరిగి ఇన్ని గుర్తులు సేకరించడానికి తోడ్పడ్డారంటే ఆ వినతిపత్రం వెనుక ఎంత సాహసం ఉన్నదో ఊహించవచ్చు. ప్లెవిట్జ్ పోర్ట్ లూయీ వీథిలో ఒక తోట యజమాని చేత దెబ్బలు తిన్నాడు. అతణ్ణి ద్వీపం నుంచి వెళ్ళగొట్టాలని యజమానులు పట్టుబట్టారు. ఫలితంగా ఫ్రియర్, విలియమ్సన్ అనే ఇద్దరు సభ్యుల రాజ విచారణ సంఘం 1872లో వచ్చింది. 1875లో వెలువడిన వారి నివేదిక పోలీసుల వేటను తీవ్రంగా అభిశంసించింది. 1878 చట్టం కొన్ని పట్టులు సడలించింది. అన్నీ కాదు.

1901 అక్టోబరు 30న, డర్బన్ నుంచి స్వదేశానికి వస్తున్న 'నౌషేరా' ఓడ పోర్ట్ లూయీలో ఆగింది. అందులో ఉన్న న్యాయవాది గాంధీ దాదాపు మూడు వారాలు ద్వీపంలో గడిపాడు. అక్కడినుంచి వచ్చినవాడు డిసెంబరులో కలకత్తా కాంగ్రెసుకు హాజరై, గోఖలే ఇంట నెలరోజులుండి, 1902లో రాజ్‌కోట్‌కు మూడవ తరగతిలో బయలుదేరాడు. సామాన్య ప్రయాణికుల కష్టాలు స్వయంగా తెలుసుకోవాలన్నది ఉద్దేశం. పన్నెండణాల గుడ్డసంచీ, అందులో కోటు, ధోవతి, తువాలు, చొక్కా. వేరుగా ఒక కంబళి, ఒక లోటా. గోఖలే ఇచ్చిన డబ్బాలో పూరీలు, లడ్డూలు. ఆయన, ప్రఫుల్ల చంద్ర రాయ్ హౌరా స్టేషన్‌కు వచ్చి సాగనంపారు. కాశీ, ఆగ్రా, జయపురం, పాలన్‌పూర్‌లలో ఆగుతూ సాగిన ఆ ప్రయాణానికి ఛార్జీలతో కలిపి 31 రూపాయలు ఖర్చయినట్లు ఆయనే ఆత్మకథలో లెక్క చెప్పాడు. ఆ సంచీకి, డెబ్భై ఏళ్ళుగా అదే నగరం నుంచి ఓడలెక్కుతున్న మూటలకు సంబంధం ఉన్నదని ఆయన ఎక్కడా అనలేదు. రెండింటినీ ఒకే ఏడాదిలో చూసినవాడు మాత్రం ఆయనే.

మారిషస్‌కు ఒప్పందపు వలస 1910లో నిలిచిపోయింది. అంతకుముందే, 1880ల నుంచి పెద్ద తోటలు ముక్కలుగా అమ్ముడుపోతుండగా, పాత కూలీలు నేల కొని గ్రామాలు కట్టుకొన్నారు. తెలుగువారు సింహాద్రి అప్పన్న భజనలను, అమ్మోరు పండుగను నిలుపుకొన్నారు. 1947లో ఆంధ్ర మహాసభ వెలసింది. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడ జరిగాయి. ఉగాది నేడు అక్కడ ప్రభుత్వ సెలవు దినం.

రైలు కథ వేరుగా ముగిసింది. బస్సుల పోటీకి నిలవలేక 1956లో ప్రయాణికుల రైళ్ళు, 1964లో సరకు రైళ్ళు ఆగిపోయాయి. 2005 నుంచి విద్యార్థులకు, వృద్ధులకు బస్సు ప్రయాణం ఉచితమైంది. 2019 అక్టోబరులో, భారత ప్రభుత్వ ఆర్థిక సహాయంతో నిర్మించిన మెట్రో తొలి దశ ప్రారంభమైంది. 2022లో క్యూర్‌పీప్ చేరిన ఈ మార్గం చాలా భాగం పాత మహేబూర్గ్ రైలు బాట వెంటనే సాగుతుంది. పోర్ట్ లూయీలో బస్సు దిగినవారికి నడక దూరంలోనే ఆప్రవాసీ ఘాట్ ఉన్నది. కూలీలు ఎక్కివచ్చిన పదహారు రాతి మెట్లు అక్కడ నిలిచి ఉన్నాయి. యునెస్కో 2006లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నాటి నమోదు పుస్తకాలు, టికెట్టు ఛాయాచిత్రాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మనిషిని కదలనీయకుండా చేయడానికి తీసిన ఆ బొమ్మలలోనే మనవలు, మునిమనవలు తమ పెద్దల ముఖాలను మొదటిసారి చూసుకొంటున్నారు.

కోల్‌కతాలో ఈ జ్ఞాపకానికి ఒక చోటు దొరకడానికి చాలాకాలం పట్టింది. కిదిర్‌పూర్ రేవు వద్ద 2011 జనవరిలో ఒక స్మారక ఫలకం వెలసింది. 2015లో సమీపంలోని సురినాం ఘాట్‌లో, పారామారిబో నగరంలోని విగ్రహాన్ని పోలిన 'మాయి-బాప్' ప్రతిమను ఆవిష్కరించారు. ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారి యావదాస్తి అయిన ఒక గుడ్డ మూట.