హెమ్లాక్ నీడలో లెక్కలు

అమెరికాలోని గ్రేట్ స్మోకీ పర్వతాల జాతీయ వనంలో జీవజాతులన్నిటినీ నమోదు చేసే పని 1998లో మొదలైంది. 2002లో అక్కడి హెమ్లాక్ చెట్లకి జపాన్ నుంచి వచ్చిన పురుగు పట్టింది. దూదిపింజల్లాంటి గూడు కట్టుకుని, సూదుల్లాంటి ఆకుల తొడిమల దగ్గర చేరి చెట్టుని పీల్చేస్తుంది.

1904లో న్యూయార్కులో కనబడ్డ తెగులు (అదీ శిలీంధ్రమే!) కోట్ల చెస్ట్‌నట్ చెట్లని చంపింది. వాటి కింద ఏమేం బతికేవో ఇప్పుడు వెతుకుదామన్నా ఆ ఆకుల పరుపే లేదు.

అందుకే హెమ్లాక్ కింది సూక్ష్మ శిలీంధ్రాల లెక్క నాకు ఆసక్తి. సర్వర్ ఆపేముందు బ్యాకప్ తీసుకునే వృత్తి మాది. ఇక్కడ రీస్టోర్ ఉండదు. రాలిన ఆకుల్ని గాజుపళ్ళెంలో తడికాగితంపై పరిచి, రోజులతరబడి కాచుకుని, మైక్రోస్కోపులో బీజాల ఆకారం చూసి పోల్చుకోవాలి. చెట్టు ఎండితే నేలకి ఎండ తగులుతుంది, తేమ పోతుంది, రాలే ఆకులూ మారిపోతాయి. నీడ ఉండగానే ఏరుకోవాలి.