మెమరీకి హాజరు పట్టీ

గద్వాల అనగానే మన గోదావరి జిల్లాల వారికి చీరలు గుర్తుకొస్తాయి. ఆ ఊళ్లో పుట్టిన ఒక ఇంజనీరు పేరు కంప్యూటరు మెమరీ పరీక్షల చరిత్రలో నిలిచిపోయింది. ఆయన సుధాకర్ ఎం. రెడ్డి. ఉస్మానియాలో ఇంజనీరింగు, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎం.ఇ. చదివి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశారు. 1968 నుంచి అక్కడే అధ్యాపకులయ్యారు.

మెమరీ చెడితే కంప్యూటరు ఆగిపోతే నయమే. ఆగకుండా, మార్కుల జాబితాలోనో బ్యాంకు ఖాతాలోనో ఒక అంకెను మార్చేస్తేనే ప్రమాదం.

మెమరీ అంటే వరుస గదులు. ఒక్కో గదిలో 0 గాని 1 గాని ఉంటుంది. 1970లో ఇంటెల్ తెచ్చిన 1103 చిప్‌లో 1,024 గదులు. పదేళ్లు తిరిగేసరికి 65,536 గదుల చిప్‌లు వచ్చాయి. ప్రతి గదిలోనూ రాసి, చదివి చూస్తే చాలదు. ఒక గదిలో రాస్తే ఇంకో గది మారిపోవచ్చు. ఒకరి నంబరు పిలిస్తే మరొకరు పలికినట్టు, ఒక చిరునామాకు వేరే గది జవాబివ్వవచ్చు. ఒక్కో గదిని కదిపి మిగతావన్నీ చూడాలంటే సుమారు 429 కోట్ల సార్లు చదవాలి. ఒక్కోదానికి ఒక మైక్రోసెకను చొప్పున వేసుకున్నా, ఒక్క చిప్‌కు 70 నిమిషాల పైమాటే!

1978లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన నాయర్, థాట్టే, అబ్రహాం ఈ శ్రమను తగ్గించే దారి చూపారు. 1981లో డి. ఎస్. సుక్, సుధాకర్ రెడ్డి 'మార్చ్ టెస్ట్' మీద వ్యాసం ప్రచురించారు.

ఇది హాజరు పిలవడం లాంటిదే. ముందు అన్ని గదుల్లో 0 రాస్తారు. మొదటి గది నుంచి చివరిదాకా 0 ఉందో లేదో చదివి, 1 రాసుకుంటూ పోతారు. తన వంతు రాకముందే మారిపోయిన గది, వంతు రాగానే దొరికిపోతుంది. పై నంబరు గది కింది గదినీ చెడగొట్టవచ్చు కాబట్టి, చివరి నుంచి వెనక్కి కూడా అలాగే వస్తారు. వారి పద్ధతుల్లో ఒకదానికి గదికి 15 పనులు చాలు. మొత్తం 9,83,040. అదే లెక్కన ఒక్క సెకను లోపే!

ఈ పరీక్ష నెగ్గిన మెమరీలోనూ ఎప్పుడైనా ఒక అంకె మారవచ్చు. చిప్ పైకప్పులో ఉన్న యురేనియం, థోరియం జాడల నుంచి వెలువడే ఆల్ఫా కణాలు అందుకు కారణమవుతాయని 1978లో ఇంటెల్‌లో మే, వుడ్స్ తేల్చారు. ఇలాంటి తప్పులను దిద్దడానికి 1950 నాటి హ్యామింగ్ కోడ్ పనికొస్తుంది.

నేడు ఎన్నో చిప్‌లలో మార్చ్ పరీక్ష చేసే సర్క్యూటును లోపలే అమరుస్తున్నారు. ఒకరి బదులు ఇంకొకరు పలికినా పసిగట్టే మన మాస్టార్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.