తలుపు దగ్గరి కావలి: యూద ధార్మిక విద్యలో శీలం స్థానం

ధార్మిక విద్యకు సౌశీల్యమే పునాది అన్నది మనకు కొత్త మాట కాదు. ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహి) చిన్ననాట చదువుకు బయలుదేరినప్పుడు, గురువు రబీఆ వద్ద విద్య కంటె ముందు అదబ్ నేర్చుకొమ్మని తల్లి చెప్పి పంపినట్లు చరిత్రకారులు వ్రాశారు. యూద పండితులలోనూ ఈ భావం గాఢంగా ఉన్నది. దానిని వారు ‘దెరెఖ్ ఎరెత్స్’ అన్నారు. మర్యాద, సత్ప్రవర్తన, కష్టపడి బ్రతకడం అన్నీ ఆ మాటలో ఇమిడి ఉన్నాయి. తౌరాత్ అవతరణకు 26 తరాల ముందే సత్ప్రవర్తన లోకంలో ఉన్నదని వారి ప్రాచీన వ్యాఖ్యానం ఒకటి చెబుతుంది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. శీలం విద్యాలయం తలుపు వద్ద పరీక్షించవలసినదా, లోపలికి రానిచ్చి నేర్పవలసినదా?

క్రీ.శ. 70లో రోమనులు జెరూసలేం ఆలయాన్ని ధ్వంసం చేసిన పిమ్మట యూద విద్యకు యబ్నె పట్టణం కేంద్రమయింది. అక్కడి విద్యాపీఠానికి అధిపతి రబ్బాన్ గమలియేలు. లోపలొకటి, పైకొకటిగా ఉండే విద్యార్థి ప్రవేశించరాదని ఆయన శాసించాడని, ద్వారం వద్ద కావలి ఉండేదని తల్మూద్ చెబుతుంది. అంతటి నియమం పెట్టిన పెద్దమనిషే, తనతో ఏకీభవించని యెహోషువ అనే పండితుణ్ణి నిండు సభలో నిలబెట్టి అవమానించాడు. అది మొదటిసారి కూడా కాదు. సభ సహించలేదు. ఆయనను తొలగించి, ఎలియాజరు బెన్ అజర్యాను ఆ స్థానంలో నియమించింది. ఆనాడే కావలివాణ్ణి తీసివేశారు. క్రొత్తగా వేసిన బల్లలు 400 అని ఒకరు, 700 అని మరొకరు చెప్పారు. తేలక మిగిలిన ధర్మసందేహాలన్నీ ఆ రోజే తేలిపోయాయట.

ఈ ఎలియాజరు శీలాన్ని తేలికగా చూచినవాడు కాడు. సత్ప్రవర్తన లేనిదే విద్య లేదని, విద్య లేనిదే సత్ప్రవర్తన లేదని బోధించినవాడు ఆయనే. రెండూ ఒకదానినొకటి పెంచుతాయి గనుక, ఒకటి పూర్తి అయ్యే వరకు రెండవదానికి తలుపు మూయడం కుదరదు.

తరువాత గమలియేలు క్షమాపణకై యెహోషువ ఇంటికి వెళ్ళాడు. గోడలు మసిబారి ఉన్నాయి. ఆయన బొగ్గులు కాల్చి బ్రతుకుతున్నాడని అప్పుడే తెలిసింది. పండితుల కష్టమెరుగని నాయకుడివని యెహోషువ మందలించాడు.

వెయ్యేళ్ళ తరువాత సుల్తాన్ సలాహుద్దీన్ కాలపు ఈజిప్టులో జీవించిన మూసా బిన్ మైమూన్ (మరణం 1204) ఈ విషయాన్ని ధర్మశాస్త్రంలో చేర్చాడు. చెడునడత గల శిష్యుణ్ణి ముందు మంచిదారికి తెచ్చి, పరిశీలించి, పిమ్మట విద్య చెప్పాలన్నాడు. నడత మంచిది కాని గురువు ఎంత పండితుడైనా అతని వద్ద చదువరాదన్నాడు. అంటే నియమం ఇద్దరికీ వర్తిస్తుంది. నీతిపై ఆయన అరబీలో వ్రాసిన ‘ఎనిమిది అధ్యాయాలు’ అల్ ఫారాబీ రచనకు ఎంతో ఋణపడి ఉన్నాయి. సత్యాన్ని ఎవరు చెప్పినా స్వీకరించాలని దాని పీఠికలోనే ఒప్పుకొన్నాడు.

మనకు ఇందులో పాఠమున్నది. మార్గం తెలుసుకోవడానికి వచ్చిన అంధుడు అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) విషయంలో, తపనతో వచ్చినవానిని ఉపేక్షించరాదని ‘అబస’ సూరా హెచ్చరించింది. ఖమ్మం నుండి భద్రాచలం అడవి అంచు వరకు గల ఊళ్ళలో, కూలి చేసుకొనేవారి పిల్లలు ఖాయిదా పట్టుకొని మస్జిదుకు వచ్చినప్పుడు, మాసిన బట్టను, మోటు మాటను చూచి అదబ్ లేదని త్రిప్పి పంపడం సులభం. కాని అదబ్ ఆ పిల్లవానికి ఎక్కడ దొరుకుతుంది? దానిని నేర్పవలసిన చోటు మస్జిదే. పిల్లవాని నడతను తూచే ముందు, అతనికి కనిపించే మన నడతను తూచుకోవాలి. బొగ్గు మసి అంటిన ఇంట్లో ఎంతటి పండితుడున్నాడో గమలియేలుకు ఆలస్యంగా తెలిసింది.