గాటు పడ్డ రూపాయి: హైదరాబాద్ నాణేనికి విలువ కట్టిన ముగ్గురు

హైదరాబాద్ శివార్లలోని చర్లపల్లిలో 1997 నుంచి భారత ప్రభుత్వ టంకశాల పనిచేస్తోంది. జేబులోని నాణెంపై సంవత్సరం కింద ఐదు కోణాల చిన్న నక్షత్రం కనిపిస్తే అది హైదరాబాద్ ముద్ర అని గుర్తు. ముంబై నాణెంపై వజ్రం ఆకారం ఉంటుంది, నోయిడా నాణెంపై బిందువు ఉంటుంది, కోల్‌కతా నాణెంపై ఏ గుర్తూ ఉండదు. కూరగాయల బండి దగ్గర ఈ తేడా ఎవరికీ పట్టదు. నాణేలు సేకరించేవారికి మాత్రం అదే ముఖ్యం. ఒకే ఏడాది, ఒకే లోహం, ఒకే బరువు ఉన్న రెండు పైసల్లో ఒకటి చెత్తబుట్టకూ మరొకటి వేలంపాటకూ పోవడానికి ఆ గుర్తు ఒక కారణం, ఉపరితలం ఎంత చెక్కుచెదరకుండా ఉందన్నది మరో కారణం. ఆ విలువను నిర్ణయించేదెవరు? హైదరాబాద్ నాణేల చరిత్రలో ఈ అధికారం ముగ్గురి చేతుల్లోకి వచ్చింది. మొదట డబ్బు మార్చే సరాఫు, ఆ తర్వాత లిపి చదివే పరిశోధకుడు, ఇప్పుడు భూతద్దం పట్టుకుని మార్కులు వేసే గ్రేడరు. మూడోవాడు వచ్చాక వేలం రక్తి కట్టిన మాట నిజమే. అయినా మన నాణేల విషయంలో రెండోవాడి తీర్పుకే పెద్దపీట వేయాలన్నది ఈ వ్యాసం వాదన.

సరాఫు కాలం సంగతి ముందు చూడాలి. 1803లో సికందర్ జా హయాంలో సుల్తాన్‌షాహీలో ప్రభుత్వ టంకశాల మొదలైనా, నిజాం రాజ్యంలో నాణెం కొట్టే హక్కు చాలాకాలం ఒక్కచోట లేదు. గద్వాల, వనపర్తి, నారాయణపేట వంటి చోట్ల కొట్టిన రూపాయలు కూడా బజారులో తిరిగేవి. చేతితో కొట్టిన నాణెం కాబట్టి అచ్చు పెద్దది, లోహపు బిళ్ళ చిన్నది. రాజు పేరు సగం, ఊరి పేరు సగం పడి మిగతాది బిళ్ళ అంచు దాటిపోయేది. ఏ రూపాయిలో ఎంత వెండి ఉందో కంటితో చెప్పడం సామాన్యుడికి సాధ్యం కాదు. అందుకే సరాఫు కావాల్సి వచ్చాడు. అతడు మోగించి వినేవాడు, తూచేవాడు, అనుమానం వస్తే చిన్న ఉలితో గాటు పెట్టి లోపలి లోహం చూసేవాడు. ఒక రకం రూపాయికి మరో రకం ఇచ్చినప్పుడు వట్టం కోసుకునేవాడు. రైతు చేతికి వచ్చిన రూపాయి ఒకటి, శిస్తుకు ఒప్పుకునే రూపాయి మరొకటి అయితే మధ్యలో పోయింది ఆ వట్టమే. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్ జిల్లాల్లోని టంకశాలలను మూయించి ముద్రణను రాజధానికి చేర్చడం ఈ గందరగోళానికి జవాబు. 1857 తర్వాత మొగల్ చక్రవర్తి పేరు తొలగిపోయి, ఆసఫ్ జా పేరుతో హాలీ సిక్కా వచ్చింది.

హాలీ వచ్చినా సరాఫు పని తీరలేదు. బ్రిటిష్ ఇండియా కల్దారు రూపాయి పక్కనే చెలామణి అయ్యేది. వంద కల్దారుకు హాలీ 116 రూపాయల 10 అణాల 8 పైలు అన్న లెక్క తెలంగాణ పాత తరానికి కంఠతా ఉండేది. రెండు రకాల డబ్బు పక్కపక్కనే నడిచిన ఆ స్థితి పోలీసు చర్య తర్వాత కూడా కొన్నేళ్లు సాగి, ఉస్మానియా సిక్కా అని పిలిచే ఈ హాలీ డబ్బు 1959లో పూర్తిగా చెల్లకుండా పోయింది. అంతవరకూ నాణెం విలువంటే దానిలోని లోహం, దాన్ని ఒప్పుకునే బజారు. పాతదైతే మెరుగు అన్న ఆలోచన సరాఫుకు లేదు. పాతబడి అరిగితే బరువు తగ్గుతుంది, విలువ పోతుంది, అంతే.

సేకరణ అనే వ్యసనానికి అసలు దారి వేసింది యంత్రం. 1903లో సైఫాబాద్‌లో ఐరోపా పద్ధతి టంకశాల వచ్చాక నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేర చార్మినార్ బొమ్మతో రూపాయలు అచ్చయ్యాయి. ప్రతి నాణెమూ అచ్చంగా మరో నాణెంలాగే ఉండటం అప్పుడే సాధ్యమైంది. అన్నీ ఒకేలా ఉన్నప్పుడే చిన్న తేడా కంటపడుతుంది. చార్మినార్ ద్వారంలో మహబూబ్ కాలంలో 'మీమ్' అక్షరం ఉండేది. 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక అక్కడ 'ఐన్' వచ్చింది. ఆయన తొలి నాణేల్లో ఆ ఐన్ పొట్టిగా, అసంపూర్ణంగా ఉంటుంది. తర్వాత నిండు అక్షరం చెక్కారు. హిజ్రీ సంవత్సరం, పాలనా సంవత్సరం రెండూ నాణెంపై ఉంటాయి కాబట్టి ఈ మార్పు ఎప్పుడు జరిగిందో నాణెమే చెబుతుంది. వేలం జాబితాల్లో పొట్టి ఐన్, నిండు ఐన్ వేర్వేరు వరుసల్లో కనిపించడానికి ఇదే కారణం. వెండి రెండింటిలోనూ సమానమే. ఎక్కువ పలికేదానికి ఆ అదనపు ధర తెచ్చింది ద్వారంలోని అక్షరం, దాన్ని పోల్చుకోగల పాఠకుడు.

ఆ పాఠకుడు ఎంత చేయగలడో చెప్పడానికి కోటిలింగాలకన్నా మంచి సాక్ష్యం లేదు. గోదావరి ఒడ్డున, నేటి జగిత్యాల జిల్లాలో ఉన్న ఆ ఊరి నేలమీద, కోతకు గురైన గట్టుల్లో దొరికిన చిన్న చిన్న నాణేలను స్థానికులు పోగుచేశారు. పరబ్రహ్మశాస్త్రి వంటి లిపి పండితులు వాటిని చదివారు. శాతవాహన వంశ కర్త సిముకుడి పేరు అక్కడి నాణేలపై కనిపించింది. గోబద, నారన, కంవాయసిరి, సమగోప అన్న పేర్లు పురాణాల్లోని రాజవంశావళుల్లో లేనివి, మొదటిసారి వెలుగులోకి వచ్చాయి. డాక్టర్ దేమె రాజారెడ్డి వంటి సేకర్తలు, వృత్తిరీత్యా వైద్యులైనా, ఈ నాణేలపై పుస్తకాలు తెచ్చారు. పెద్దబంకూరు తవ్వకాల్లో ఒక్క కుండలోనే సుమారు 22,000 నాణేలు దొరికాయి. వీటిలో చాలావరకు అరిగిపోయినవి, తుప్పు పట్టినవి. ఇవాళ్టి మార్కుల పద్ధతి వాటికి అట్టడుగు మార్కులే ఇస్తుంది. అయినా ఆంధ్ర దేశపు తొలి రాజుల చరిత్రను తిరగరాయించినవి అవే.

మార్కుల పద్ధతి పుట్టుక తెలిస్తే దాని హద్దులు కూడా తెలుస్తాయి. 1949లో అమెరికాలో విలియం షెల్డన్ తన దేశపు తొలినాటి పెద్ద సెంట్ల మీద పుస్తకం రాస్తూ 1 నుంచి 70 దాకా ఒక కొలత పెట్టాడు. గుర్తుపట్టగలిగితే చాలనే స్థితి 1, లోపమే లేనిది 70. అదొక ధరల సూత్రం కూడా: ఒకటో స్థాయి సెంటు ధర రూపాయి అనుకుంటే డెబ్బైది 70 రూపాయలు కావాలన్నది అతని ఊహ. ఆ సూత్రం కొద్దికాలానికే కుప్పకూలింది, అంకెలు మాత్రం మిగిలాయి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ సంస్థలు నాణేన్ని పరీక్షించి, మార్కు వేసి, ప్లాస్టిక్ డబ్బీలో మూసి ఇవ్వడం మొదలుపెట్టాక అదే అంకె ప్రపంచ వేలాలను నడుపుతోంది. 1793 నాటి గొలుసు సెంటు ఒకటి 2012లో పది లక్షల డాలర్లు దాటి అమ్ముడైంది. ఇంకో సంగతి చెప్పుకోకుండా ఉండలేం. ఈ కొలత పెట్టిన షెల్డన్, అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సెంట్లలో మంచివాటిని తీసి, వాటి స్థానంలో తక్కువరకం పెట్టాడని అతని మరణానంతరం బయటపడింది. నూటికి పైగా నాణేల సంగతి అది. కొలత తప్పని దీని అర్థం కాదు. కొలిచేవాడికి ఆశ ఉంటుందని మాత్రం అర్థం.

సెంటు లాంటి చిల్లరకే ఇంత మోజు ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. జవాబు కూడా మన దగ్గరే ఉంది. బంగారు అష్రఫీని జనం పెట్టెలో దాచారు, కాసుల పేరులో కూర్చారు. పైసను ఎవరూ దాచలేదు. 1957 ఏప్రిల్ 1న వచ్చిన ఒక నయా పైస కంచుది, బరువు గ్రామున్నర. 1965 నుంచి వచ్చిన అల్యూమినియం పైస ముప్పాతిక గ్రాము. కంచు కొత్తలో ఎర్రగా మెరుస్తుంది. చేతి చెమట తగిలితే గోధుమ రంగుకు మళ్లుతుంది. గ్రేడర్లు రాగి, కంచు నాణేలను ఎరుపు, ఎరుపు-గోధుమ, గోధుమ అని మూడు తరగతులు చేయడానికి కారణం అదే. కోట్ల సంఖ్యలో అచ్చయిన చిల్లరలో పుట్టినప్పటి ఎరుపు నిలిచినవి చాలా తక్కువ. 2011 జూన్ 30 తర్వాత పావలా, అంతకన్నా చిన్నవన్నీ చెల్లకుండా పోయాయి. కాబట్టి మెరుపు నిలిచిన పైస నిజంగా అరుదే, దానికి ధర రావడంలో మోసం లేదు. గ్రేడరు చెప్పేది అబద్ధం కాదని నేను ఒప్పుకునేది ఇక్కడే.

అతడు చెప్పేది సగమే అన్నది నా అభ్యంతరం. సరాఫు పెట్టిన గాటు సంగతే తీసుకోండి. గ్రేడరు దృష్టిలో అది దెబ్బ. డబ్బీ మీద అంకెకు బదులు లోపం పేరు పడుతుంది, ధర పడిపోతుంది. చరిత్రకారుడికి ఆ గాటు ఒక దస్తావేజు: ఈ రూపాయిని ఎవరో అనుమానించారు, పరీక్షించారు, ఒప్పుకున్నారు. మెడలో వేసుకోవడానికి అతికించిన కొక్కెం గుర్తు కూడా అంతే. చింతపండుతో తోమి లక్ష్మీపూజలో పెట్టిన రూపాయి గ్రేడరుకు 'శుభ్రం చేసిన' నాణెం, అంటే చెడిన నాణెం. యంత్రం నుంచి నేరుగా సంచిలోకి, సంచి నుంచి డబ్బీలోకి పోయిన నాణేన్నే ఈ పద్ధతి ఆదర్శంగా చూస్తుంది. డబ్బు చేయాల్సిన పని ఒక్కసారీ చేయని డబ్బు అది. అచ్చు సగమే పడే చేతి నాణేలకు ఈ అంకెలు వేయడం మరీ చిత్రం. అక్కడ నునుపైన నాణెం మీద ఊరి పేరు లేకపోవచ్చు, అరిగిన దాని మీద 'ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాద్' పూర్తిగా ఉండవచ్చు.

దీనికి రెండు గట్టి ప్రతివాదాలున్నాయి. డబ్బీ లేకపోతే నకిలీలు రాజ్యమేలుతాయన్నది మొదటిది. అది సబబే. అయితే డబ్బీలకూ నకిలీలు వస్తున్నాయి. ఒకే నాణేన్ని మంచి మార్కు కోసం పదేపదే పంపేవారి వల్ల సంస్థలు ప్రకటించే లెక్కల్లో ఒక నాణెమే రెండు మూడుసార్లు చేరుతుంది. రెండో వాదం ఇంకా బలమైనది: వేలంపాటలే లేకపోతే ఈ నాణేలు కరిగిపోయేవి కదా? అవును, పాత వెండి రూపాయలు ఎన్నో కంసాలి మూసలోకే పోయాయి. వెండి ధరకు పైన నాలుగు డబ్బులు వస్తాయన్న ఆశ వాటిలో కొన్నింటిని నిలిపింది. వేలం చేసిన ఈ మేలును కాదనలేం. ఐతే నిలపడం వేరు, చదవడం వేరు. పెద్దబంకూరు కుండ నేరుగా వేలానికి పోయి ఉంటే 22,000 నాణేలకూ 22,000 మంది యజమానులు దొరికేవారు. అవన్నీ కలిసి ఒకే కుండలో ఉన్నాయన్న ఒక్క ముఖ్య విషయం మాత్రం పోయేది. ఆ విషయానికి మార్కులు వేసే గడి ఏ డబ్బీ మీదా లేదు.

వేలంలోని ఉద్వేగం సంగతీ తక్కువ చేసి చెప్పనక్కర్లేదు. ఒకే నాణెం కోసం ఇద్దరు పట్టుబట్టినప్పుడు ధరను నిర్ణయించేది ఓడిపోయినవాడు. అతడు ఆగినచోటికి ఒక మెట్టు పైన నెగ్గినవాడు కొంటాడు, ఆపైన సంస్థ రుసుము, పన్ను కడతాడు. 66కూ 67కూ మధ్య కంటికి ఆనని తేడా ధరను ఎన్నో రెట్లు పెంచేది ఈ పోటీయే. కానీ హైదరాబాద్‌తో ముడిపడిన అతి పెద్ద వేలం కథలో మార్కుల ప్రసక్తే లేదు. జహంగీర్ 1613లో ఆగ్రాలో కొట్టించిన, పన్నెండు కిలోలకు దగ్గరగా తూగే వెయ్యి మొహరీల నాణెం ఆసఫ్ జాహీల ఖజానాకు చేరిందని చెబుతారు. 1987 నవంబరులో జెనీవాలో దాన్ని వేలానికి పెట్టారు. అమ్ముడుపోలేదు. కేంద్ర దర్యాప్తు సంస్థ రంగంలోకి దిగింది. అక్కడ అందరూ అడిగింది అది ఎంత మెరుస్తోందని కాదు, ఎవరిది, ఎలా వచ్చింది, దేశం ఎలా దాటింది అని.

ఆ ప్రశ్న చిన్న నాణేలకూ వర్తిస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మహబూబ్ అలీ ఖాన్ చార్మినార్ రూపాయలన్నీ ఇప్పటికే ఆ గీత దాటాయి. ఉస్మాన్ అలీ ఖాన్ నాణేలు ఏడాదికో ఏడు చొప్పున దాటుతున్నాయి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగువారు తాతగారి హాలీ రూపాయిని వెంట తీసుకెళ్లాలనుకుంటే దాని మెరుపు కాదు, దానిమీది హిజ్రీ సంవత్సరం చదవడం రావాలి. చదవడం రాని మార్కెట్టులో ఏం జరుగుతుందో 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన హెచ్చరిక చూస్తే తెలుస్తుంది. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ తన పేరు వాడుకుని రుసుములు గుంజుతున్నవారితో తనకు సంబంధం లేదని అది ప్రకటించాల్సి వచ్చింది.

ఇప్పుడు చర్లపల్లి వైపు మళ్లీ చూస్తే ఈ కథలో కొత్త మలుపు కనిపిస్తుంది. 2023 ఆగస్టు 28న విడుదలైన ఎన్టీ రామారావు శతజయంతి వంద రూపాయల నాణెం హైదరాబాద్ టంకశాలదే. 44 మిల్లీమీటర్ల వ్యాసం, సగం వెండి. ముఖ విలువ 100, టంకశాల అమ్మిన ధర నాలుగు వేలకు పైన. కొన్నవాళ్లంతా పెట్టెలోంచి తీయకుండా దాచుకున్నారు కాబట్టి యాభై ఏళ్ల తర్వాత కూడా దాదాపు అన్నీ పై మార్కుల్లోనే ఉంటాయి. అందరూ దాచిన మెరుపుకు గ్రేడరు ఎక్కువ ధర తేలేడు. అదే సమయంలో బస్సు టికెట్లకూ టీ బడ్డీలకూ తిరుగుతున్న నక్షత్రపు గుర్తు రూపాయల్లో ఏ ఏడాదివి తక్కువ అచ్చయ్యాయి, ఏ అచ్చులో ఏ గీత మారింది అని నమోదు చేసిపెట్టే పని సగం కూడా కాలేదు. తెలుగు సేకర్తల సంఘాలు వేలం జాబితాలకన్నా ముందు తయారు చేయాల్సింది ఆ పట్టిక.