రికార్డు ప్రియుని యింట కాంపాక్టు డిస్కు

గ్రామఫోను రికార్డును ప్రాణపదముగ చూచుకొను శ్రోతకు కాంపాక్టు డిస్కు తొలుత సవతిబిడ్డవలె కనిపించెను. కీ యిచ్చి, ముల్లు మార్చి, మూడు నాలుగు నిమిషముల కొకమారు లక్క రికార్డును తిరుగవేసి పాట వినిన తరముల వారసుడాతడు. 1948లో అమెరికాలో కొలంబియావారు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు లాంగ్‌ప్లే రికార్డును వెలువరింపగా, ఒక్కొక్క ప్రక్కన ఇరువది నిమిషములకు పైబడి సంగీతము పట్టెను. ఘంటసాల గానము చేసిన భగవద్గీత తెలుగిండ్లకు చేరినది అట్టి రికార్డుల మీదనే. వాటిని బీరువాలో పదిలపరచుకొన్నవాడు క్రొత్త యంత్రమును శంకించుట సహజమే. అది వినుటకు బాగుండునా? మితమైన జీతమునకు అందునా?

వెల విషయమున మొదట ఆ శంక నిజమే. ఫిలిప్స్ సంస్థ 1979 మార్చిలో హాలండు దేశపు ఐండ్‌హోవెన్‌లో తన నమూనాను ప్రదర్శించెను. పిమ్మట సోనీతో కూడి 12 సెంటీమీటర్ల డిస్కును, సెకనునకు 44,100 మారులు ధ్వనిని కొలిచి 16 బిట్ల అంకెలుగ వ్రాయు పద్ధతిని స్థిరపరచెను. 1982 అక్టోబరు 1న జపానులో అమ్మకమునకు వచ్చిన సోనీ సి.డి.పి.-101 వెల 1,68,000 యెన్నులు. అయితే 1984లో అదే సంస్థ తెచ్చిన డి-50 అను చేతిపెట్టె వెల 49,800 యెన్నులు మాత్రమే. రెండేండ్లలో మూడవ వంతుకు దిగినదన్నమాట.

ఇంత త్వరగా వెల తగ్గుటకు కారణము ఆ యంత్రపు స్వభావముననే కలదు. రికార్డు ప్లేయరులో ముల్లు గాడిని తాకును. మోటారు వణకు, బేరింగు గరగర, చేతి బరువులోని తేడా, సమస్తమును పాటలో కలియును. అందుచే అక్కడ డబ్బు వెచ్చించిన కొలది ఫలము కనిపించును. డిస్కును తాకునది కాంతి మాత్రమే, చదువబడునవి అంకెలు. ట్రాకు వెంట సుమారు 2.5 మిల్లీమీటర్ల మేర అంకెలు చెడినను దిద్దుకొను ఏర్పాటు ఆ పద్ధతిలోనే ఉన్నది. తిరుగుడులోని హెచ్చుతగ్గులను జ్ఞాపకపు చిప్పు, స్ఫటికపు గడియారము సరిచేయును. ఫిలిప్స్‌వారి తొలి యంత్రములలో 14 బిట్ల చిప్పే ఉండెను; నాలుగింతల వేగముతో పనిచేయించి ఆ లోటు పూడ్చిరి. వాటి ధ్వనిని నేటికిని మెచ్చువారు కలరు.

మరి డిస్కు ధ్వని కర్కశమన్న ఫిర్యాదు మాట యేమి? దానిని పూర్తిగ కొట్టివేయరాదు. తొలినాళ్లలో లాంగ్‌ప్లే రికార్డు చెక్కుటకై సవరించిన టేపులనే కొన్ని డిస్కులకు వాడిరి. 1990ల నుండి మెల్లని స్వరమును బిగ్గరను ఒకే ఎత్తుకు తెచ్చు పోటీ బయలుదేరెను. ఆ దోషము డిస్కు తయారుచేసినవారిది. ఎంత ఖరీదైన యంత్రమును దానిని మాన్పజాలదు. కనుక మిగిలిన డబ్బు మంచి డిస్కులను వెదకుటకే తగును.

2020లో అమెరికాలో రికార్డుల అమ్మకపు రాబడి డిస్కుల రాబడిని మించెను. 1986 తరువాత అట్లు జరుగుట అదే మొదలు. డిస్కుకు మోజు తగ్గుట కొనువానికి మేలే. 1996లో పుట్టిన డి.వి.డి. ప్లేయరు సి.డి.ని కూడ చదువును. పాత సామాను అంగడిలో అది చవుకగ దొరకును. 1994 నాటి సోనీ ప్లేస్టేషను తొలి నమూనాల వెనుక ఆంప్లిఫయరుకు తీగ తగిలించు రంధ్రములు వేరుగ ఉండుటచే, పిల్లల ఆటయంత్రమును సంగీతమునకై వెదకి కొన్న పెద్దలును ఉన్నారు!

పాతది కొనునప్పుడు పేరుకన్న లేజరును చూడవలెను. నిడివిగల డిస్కును పెట్టి, అంచు దగ్గరి చివరి పాట తడబడకుండ పలుకుచున్నదా యని వినవలెను. డిస్కు లోపలి నుండి వెలుపలికి చదువబడును గదా. ఇంటికి తెచ్చిన పిమ్మట రికార్డు ప్లేయరు తీగ తీసి, ఆ ‘ఫోనో’ రంధ్రముననే దీనిని తగిలించుట రికార్డు ప్రియులు చేయు పొరపాటు. ముల్లు నుండి వచ్చునది కొద్ది మిల్లీవోల్టులు, డిస్కు యంత్రము నుండి వచ్చునది సుమారు 2 వోల్టులు. పైగా ఫోనో మార్గము రికార్డు కొరకై మందరమును హెచ్చించి, తారమును తగ్గించును. అందు తగిలించిన పాట చెవులు చిల్లులు పడునట్లు వికృతమగును. ‘ఆక్స్’ అనియో, ‘సి.డి.’ అనియో వ్రాసియున్న ప్రక్క రంధ్రము దీనికి చాలును.