పరామర్శ లేని గర్భశోకము

మన తెలుగున గర్భశోకమను మాట యొకటి కలదు. కన్నబిడ్డను పోగొట్టుకొన్న తల్లి దుఃఖమునకు దానిని వాడుదుము. కడుపుకోత యనునది దానికి పల్లెటూరి తోబుట్టువు. రెండు మాటలలోను కడుపున్నది. అయినను కడుపులోనే పోయిన బిడ్డ విషయమున ఈ రెంటిలో దేనిని వాడుటకును మన నోరు వెనుదీయును. గర్భము తనంతట తాను జారినయెడల "కడుపు పోయినది" అందుము. మందుచేతనో వైద్యునిచేతనో తొలగించుకొన్నయెడల "కడుపు తీయించుకొన్నది" అందుము. మొదటి వాక్యమునకు కడుపు కర్త. రెండవదానికి స్త్రీ కర్త. ఆ కొద్దిపాటి వ్యాకరణభేదములోనే మన తీర్పంతయు నిమిడియున్నది. మొదటియామెకు కొంత జాలి దొరకును. రెండవయామెకు గుసగుసలే దక్కును.

ఏ యింట చావు జరిగినను ఇరుగుపొరుగువారు పరామర్శకు వత్తురు. పగవాడైనను గుమ్మముకడ కొంతసేపు తలవంచుకొని నిలుచును. కడుపు తీయించుకొన్నదాని యింటికి పరామర్శకై పోయినవారిని మేమెఱుగము. ఆమె దుఃఖింపదని కాదు. దుఃఖించుట తప్పును ఒప్పుకొనుటయే యగునని ఆమెయు, అడుగుట తప్పును బయటపెట్టుటయే యగునని చుట్టములును మౌనము వహింతురు.

ఈ విషయము వ్రాయబూనినపుడు మేము ఏన్కూరును మనస్సున నుంచుకొన్నాము. ఖమ్మము పొలములకును భద్రాచలపు టడవులకును నడుమ నున్న మండల కేంద్రమది. చుట్టును వ్యవసాయము చేసికొను పల్లెలు, లంబాడీ తండాలు, కోయగూడెములు. మహానగరమునందు ఒక స్త్రీ తన పేరెఱుగని వైద్యశాలకు పోయి, తన పేరెఱుగని వీధికి తిరిగి రావచ్చును. ఇట్టి యూళ్లలో అట్లు కాదు. ఎవరు బస్సెక్కినారో, ఎవరితో నెక్కినారో, సాయంకాలమున ఏ ముఖముతో దిగినారో చూచుటకు రచ్చబండ యెప్పుడును సిద్ధముగా నుండును. ఈ దుఃఖము యొక్క చరిత్ర యేమని విచారించుటకు నగరముకంటె ఈ సరిహద్దుటూరే మేలైన స్థానమని మాకు తోచినది.

మన ధర్మశాస్త్రములు గర్భస్రావమును మఱచిపోలేదు. గర్భము ఎన్ని నెలలదో అన్ని రాత్రులకు స్త్రీ శుద్ధురాలగునని మనుస్మృతి అయిదవ అధ్యాయమున నున్నది. రెండేండ్లు నిండని శిశువునకు దహనమును, ఉదకక్రియయు లేవనియు అచ్చటనే చెప్పబడినది. లెక్క స్పష్టముగానే యున్నది. అది మైల యొక్క లెక్క గాని శోకము యొక్క లెక్క గాదు. ఎన్నవనాడు స్నానము చేసి వంటయింటిలోనికి రావలెనో ఆమెకు తెలియును. ఎన్నవనాటివరకు ఏడ్వవచ్చునో తెలియదు. పెద్దల చావునకు పదిదినముల తంతున్నది, మాసికమున్నది, ఏటేట తద్దినమున్నది. ఆ తంతులలోని యర్థానర్థముల జోలికి మేమిప్పుడు పోము. దుఃఖమునకు అవి యొక వేళను, ఒక చోటును చూపుననుట మాత్రము నిజము. పుట్టనిబిడ్డకు ఆ చోటు లేకపోయినది.

జపానువారు ఈ వెలితిని గుర్తించినారు. పుట్టకమునుపే పోయినవారిని వారు "నీటిబిడ్డ" లందురు. 1970 తరువాత వారి బౌద్ధాలయములలో ఈ బిడ్డలకొఱకు చేయు ఆరాధన విశేషముగా వ్యాపించినది. ఎఱ్ఱని వస్త్రముల నలంకరించిన చిన్న చిన్న జిజో విగ్రహములు వరుసలు తీరియుండును. తల్లి వచ్చి, ఎవరికిని సంజాయిషీ చెప్పకయే, నమస్కరించి పోవచ్చును. అయితే పుట్టనిబిడ్డ ఆత్మ పగబట్టునని బెదరించి ధనము గుంజినవారును ఆ దేశమున లేకపోలేదు. కావున ఆ యాచారమునే తెచ్చి యిచ్చట నాటుడని మేము చెప్పము. అట్టి బెదరింపు వ్యాపారమునకు మన దేశమున కొఱత యెన్నడును లేదు.

బ్రిటిషు పాలనమున 1860నాటి శిక్షాస్మృతి వచ్చినది. దాని 312వ విభాగము, తల్లి ప్రాణరక్షణకు దక్క గర్భస్రావము చేయించుట నేరమనెను. మూడేండ్ల వఱకు శిక్ష, గర్భమునందు చలనము పుట్టిన తరువాతనైన ఏడేండ్ల వఱకు. తనకు తాను చేసికొన్న స్త్రీయు ఆ విభాగమునకు లోబడినదేయని వివరణమున వ్రాసిరి. అంతకుముందు పాపియైనది ఇప్పుడు నేరస్థురాలును అయినది.

ఈ కాలముననే మన సంస్కర్తలు బయలుదేరిరి. ఇచ్చట మేము కొంచెము కఠినముగా మాటాడవలసియున్నది. వారి ఋణము మనము తీర్చలేనిది గనుకనే ఆ మాట చెప్పుట మన విధి. 1855లో విధవావివాహమును సమర్థించుచు ఈశ్వరచంద్ర విద్యాసాగరులు వ్రాసిన గ్రంథమున భ్రూణహత్య యొక ప్రబలహేతువు. భద్రాచలము దాటి దిగువకు పాఱిన గోదావరి యొడ్డున, రాజమహేంద్రవరమున, కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, 1881 డిసెంబరు 11వ తేదీన తొలి వితంతు వివాహమును జరిపించిరి. ఆ వాదములందెల్లను రహస్యముగా గర్భము దింపుకొన్న వితంతువు కనబడును. ఎట్లు కనబడును? సాక్ష్యముగా కనబడును. "చూడుడు, పెండ్లి కాదంటిరి, ఫలిత మిది" అని చూపుటకు ఆమె పనికివచ్చినది. పూర్వాచారపరులకు ఆమె కులమునకు మచ్చ. సంస్కర్తలకు వాదమున కాధారము. అమ్మా, నీవెట్లున్నావని యడిగినవారు ఉభయపక్షములలోను అరుదు.

అడిగినవారు బొత్తిగా లేరనుట అన్యాయము. పుణెలో జోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు 1863లో గర్భవతులైన వితంతువులకు తమ యింటి తలుపు తెఱచిరి. రహస్యముగా వచ్చి సుఖముగా ప్రసవించి, బిడ్డను తీసికొనిపోవచ్చును, వదలియు పోవచ్చునని ప్రకటించిరి. పశ్చాత్తాపపడుడని ఎవరికిని షరతు పెట్టలేదు. అట్లు వచ్చిన యొక బ్రాహ్మణ వితంతువు కుమారుని, యశ్వంతుని, తామే దత్తత చేసికొనిరి. రాజమహేంద్రవరమున రాజ్యలక్ష్మమ్మగారిని గూర్చియు ఇట్లే చెప్పవలెను. వంటవారును నీళ్లు తెచ్చువారును వెలివేసినపుడు ఆమె గోదావరినుండి తానే నీరు మోసి, వచ్చిన వితంతువులకు వండిపెట్టినది. పంతులుగారి యుపన్యాసములు సంపుటములై నిలిచినవి. ఆ వంటయింట, పొయ్యిప్రక్క కూర్చుండి ఆ యువతులు ఆమెతో చెప్పుకొన్న మాటలు ఏ సంపుటమున నున్నవి? ఆ వంటయిల్లే మన దేశపు మొదటి ఓదార్పు మందిరమని మా యభిప్రాయము.

1881లో సూరతున విజయలక్ష్మి యను వితంతువునకు శిశుహత్యానేరమునకై ఉరిశిక్ష విధింపబడి, పిమ్మట తగ్గింపబడినది. పత్రికలు స్త్రీజాతినెల్ల తిట్టిపోసినవి. దానికి ఉత్తరముగా తారాబాయి షిండే 1882లో మరాఠీలో పుస్తకము వ్రాసి, ఆమె నట్లు చేసిన మగవాడెక్కడ నని నిలదీసినది. ఆ ప్రశ్న నేటికిని ముదుకలేదు.

ఏన్కూరు ప్రాంతము నైజాము రాజ్యములోనిది. భద్రాచలము మద్రాసు రాజధానిలోనిది. ప్రభుత్వములు వేఱైనను మౌనము ఒకటియే. 1934లో ఖమ్మమున మూడవ ఆంధ్ర మహాసభ జరిగినపుడు దానితోడనే మహిళాసభయు జరిగెను. ఘోషాయు, నిరక్షరాస్యతయు కమ్మియున్న ఆ సీమలో స్త్రీలు సభ చేయుటయే సాహసము. బాల్యవివాహము, వితంతు వివాహము, స్త్రీవిద్య, ఇవి ఆ కాలపు మహిళాసభల ప్రధాన విషయములు. గర్భము పోగొట్టుకొన్న స్త్రీ మనస్సు ఏ తీర్మానమునకును అందునది గాదు.

స్వాతంత్ర్యానంతరము శాంతిలాల్ షా సంఘము 1966లో నివేదిక నిచ్చెను. దానినిబట్టి 1971లో వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టము వచ్చి, 1972 ఏప్రిలు 1నుండి అమలయ్యెను. 2021లో దానిని సవరించి, కొన్ని తరగతుల స్త్రీలకు గడువును ఇరువదినాలుగు వారములకు పెంచిరి. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ సవరణఫలము అవివాహితలకును చెందునని తీర్పు చెప్పెను. ఈ చట్టములో మమ్మాకర్షించిన మాట యొకటి కలదు. నిరోధసాధనము విఫలమై వచ్చిన అవాంఛిత గర్భము వలని వ్యథను, స్త్రీ మానసికారోగ్యమునకు కలిగిన తీవ్రమైన హానిగా భావింపవచ్చునని అది చెప్పుచున్నది. అనగా గర్భవిచ్ఛిత్తికి ముందటి మనస్సును చట్టము చూచినది. తరువాతి మనస్సు సంగతి యేమి? 1961నాటి ప్రసూతి ప్రయోజన చట్టము గర్భస్రావమునకు ఆరువారముల సెలవు నిచ్చెను. 1995 సవరణతో గర్భవిచ్ఛిత్తికిని అది వర్తించెను. శరీరమునకు ఆరువారములు. మనస్సు మరల తనపాట్లు తాను పడవలసినదే.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తీఱదు. గర్భము తీయించుకొన్న ప్రతి స్త్రీయు శోకసముద్రమున మునుగునని తలచుట పొరపాటు. అమెరికాలో 2008 మొదలు 2010 వఱకు ముప్పది వైద్యశాలలనుండి చేర్చుకొన్న దాదాపు వేయిమంది స్త్రీలను పరిశోధకులు అయిదేండ్లు అనుసరించి చూచిరి. గర్భవిచ్ఛిత్తి జరిగినవారిలో అందఱికంటె అధికముగా కనబడిన భావము నిశ్చింత. అయిదేండ్ల పిమ్మటను నూటికి తొంబదియైదుగురికి పైగా తమ నిర్ణయము సరియైనదే యనిరి. ఊరివారేమందురో యను భయము కలవారికిని, నిర్ణయము కష్టమైనవారికిని బాధ ఎక్కువగా నుండెను. ఆ స్త్రీలు వేఱు, మన ఉమ్మడికుటుంబపు కోడండ్రు వేఱు అనవచ్చును. నిజమే. అయినను ఊరి నోటికి గల బలము అచ్చటికంటె ఇచ్చట తక్కువ యని చెప్పగలవా రెవరు?

కావున ఓదార్పుపేర వచ్చు ఇద్దఱి విషయమున జాగ్రత్త పడవలెను. ఒకరు, నీవు పాపము చేసితివి గనుక ఏడ్వవలెనందురు. ఇంకొకరు, అది నీ హక్కు గనుక ఏడ్వ నవసరము లేదందురు. మొదటివారు క్రూరులు, రెండవవారు మా పక్షమువారే, అయినను తొందరపాటువారు. చేసినపని సరియైనదే యని నమ్ముచునే దానికై ఏడ్చు స్త్రీలు కలరు. ఆస్తి తగవు తీరుటకై పుట్టినిల్లు అమ్ముకొన్నవాడు ఆ గుమ్మము తలచుకొని కన్నీరు పెట్టినంతమాత్రమున అమ్మకము తప్పని యెవరందురు? కన్నీరు సాక్ష్యపత్రము కాదు.

ఇక దుఃఖములన్నియు నొక్కటి కావు. పెండ్లయిన నాలుగేండ్లకు గర్భము నిలిచినది. అయిదవనెల పుట్టింటివారు చలిమిడి పెట్టి, కడుపు చలువగా నుండవలెనని దీవించి పోయిరి. కొన్నిదినములకు స్కానింగులో శిశువు మెదడు ఏర్పడలేదని తేలినది. ఆమె కోరి తెచ్చుకొన్న బిడ్డనే వదలుకొనవలసివచ్చినది. మఱునాడే "మరల పుడుదురులే" అని అత్తగారు ఓదార్చును. ఆ మాట దయతో చెప్పినదే. కాని పోయిన యా యొక్కదానిని లెక్కలోనుండి కొట్టివేయు మాట యది.

ఇంకొక యిల్లాలికి ఇద్దఱాడుపిల్లలు. మూడవసారి దొంగచాటుగా పరీక్ష చేయించి, ఆడుపిల్లయే యనగానే ఇంటివారు తీయింపుమనిరి. లింగనిర్ధారణ నేరమని 1994లోనే చట్టమయ్యెను. అది యింటి పెద్దల చెవికెక్కలేదు. ఇటువంటి తల్లి దుఃఖము అన్నిటికంటె ఒంటరిది. ఎవరి యొడిలో తల పెట్టి ఏడ్వవలెనో వారే ఆ పని చేయించినవారు. పైగా ఆమెను చూచి "సుఖముగా బయటపడినది" అని వారే సంతోషింతురు. ఆమెకు కావలసినది ధైర్యవచనము గాదు. జరిగినదానికి నీవు కర్తవు కావని చెప్పగల యొక మనిషి. ఇంటివారితో మాటాడగల మనిషియైన మఱింత మేలు.

లోకము గుర్తింపని యిట్టి శోకమునకు కెనెత్ డోకా యను అమెరికా పండితుడు 1989లో ఒక పేరు పెట్టెను: హక్కు దక్కని దుఃఖము. పేరు క్రొత్తది. దానిని మన అమ్మమ్మలు అనుభవించియేయున్నారు.

వినువారెవరను ప్రశ్నకు వత్తము. 2015లో మన దేశమున కోటి యేబదియారు లక్షల గర్భవిచ్ఛిత్తులు జరిగినవని 2018లో ప్రకటితమైన యొక పరిశోధన అంచనా వేసినది. వానిలో నూటికి డెబ్బదిమూడు వైద్యశాలకు వెలుపల మాత్రలతో జరిగినవే. ఈ సంఖ్యయే సమస్య యొక్క గుండెకాయ. కేంద్రప్రభుత్వపు మార్గదర్శకములందు గర్భవిచ్ఛిత్తికి ముందును వెనుకను సలహా చెప్పవలెనని యున్నది. వైద్యశాలకే రానిదానికి ఆ సలహా యెవరు చెప్పుదురు? మాత్రల పొట్లము మందుల దుకాణమున దొరకును. తలుపు వేసికొని, నొప్పి పంటిబిగువున పట్టి, తెల్లవారగానే నాట్లకు పోవలసినదే. అధిక రక్తస్రావమో, జ్వరమో కలిగిననాడు మాత్రము ఆస్పత్రి మాట వచ్చును. ఆ రెండింటిలో ఏది కలిగినను ఒక్క గంటయైన జాగు చేయక వైద్యునికడకు పోవలెనని మా సోదరీమణులకు ఇచ్చటనే మనవి చేయుచున్నాము.

ఏన్కూరు వంటి యూళ్లకు 2005 తరువాత ఆశా కార్యకర్తలు వచ్చిరి. ఆమె ఆ తండాలోని కోడలే, ఆ గూడెములోని ఆడుపడుచే. "ఏమమ్మా, మొగము వాడినదేమి?" అని గుమ్మము దాటి లోనికి వచ్చి యడుగగల మనిషి ఆమెయే. భయమును అచ్చటనే యున్నది: ఆమె అత్తకు ఈమె అత్త చుట్టము. రోగి పేరు బయటపెట్టరాదని 2021 సవరణ వైద్యుని నోరు కట్టినది. అతిక్రమించిన ఏడాది వఱకు శిక్ష. ఆ విభాగము చెప్పునది వైద్యుని గూర్చియే. మనము శిక్షణలో ఆమెకు మాత్రల పట్టికతోపాటు నేర్పవలసినవి కొన్ని కలవు. ఎందుకు చేసితివని యడుగకుండుట. దుఃఖము లేనిదానికి దుఃఖమంటగట్టకుండుట. నిద్రాహారములు మాని వారములు గడచినను తేఱుకొననిదానిని, చావు మాట యెత్తినదానిని మానసిక వైద్యునికడకు చేర్చుట. విన్న మాట తన గుమ్మము దాటనీయకుండుట. ఈ కడపటిది కష్టతరము. దానికి ఆమెకు లభించు పారితోషికములో పద్దు లేదు.

తెలిసినవారి చెవికంటె తెలియనివారి చెవియే మేలని తలచు స్త్రీ కొఱకు 2022 అక్టోబరు 10వ తేదీన ప్రభుత్వము టెలిమానస్ అను టెలిఫోను సహాయమును నెలకొల్పినది. దాని సంఖ్య 14416. తెలుగులోను మాటాడుదురు, రాత్రింబవళ్లు పలుకుదురు, రుసుము లేదు. అయితే తండాలోని యింట ఫోను చాలవఱకు మగని జేబులో నుండును. అది ఆమె చేతికి వచ్చునది అతడు పొలమునకు పోయినవేళనో, నిద్రించినవేళనో.