తలపు వాకిట ఒక్క క్షణం
(ఖవాతిర్ విద్య – దక్కన్ వారసత్వం)

1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. రాతిగుట్టల నేలపై హైటెక్ సిటీ అలా వెలసింది. అక్కడికి కొద్ది దూరంలోనే, మణికొండ ప్రాంతంలో, హజ్రత్ హుసేన్ షా వలీ (ర) దర్గా ఉంది. ఇబ్రాహీం కులీ కుతుబ్ షా పాలనలో, 1562లో, హుసేన్ సాగర్ నిర్మాణాన్ని పర్యవేక్షించినది ఆయనే. చెరువుకు ఆయన పేరే నిలిచింది. గుల్బర్గాలో విశ్రమించిన హజ్రత్ ఖ్వాజా బందానవాజ్ గేసూదరాజ్ (ర) వంశీయులుగా ఆయన ప్రసిద్ధులు.

చెరువు సంగతి అందరూ ఎరిగినదే. ఐతే ఖ్వాజా బందానవాజ్ (ర) ఈ దక్కన్‌లో బోధించిన ఒక విద్యను ఎరిగినవారు తక్కువ. మనసులో పుట్టిన తలపును గుర్తించి, దాని వెంట నడవాలా, వద్దా అని తేల్చుకునే విద్య అది. అలా తోచే తలపును అరబ్బీలో 'ఖాతిర్' అంటారు, బహువచనం 'ఖవాతిర్'.

దీని మూలం దివ్యఖుర్ఆన్‌లోనే ఉంది. షైతాను ప్రేరణ తాకినప్పుడు దైవభీతిపరులు వెంటనే దైవాన్ని స్మరిస్తారనీ, అప్పుడు వారికి సత్యం స్పష్టంగా కానవస్తుందనీ ఆరాఫ్ సూరా 201వ ఆయతు తెలుపుతున్నది. ప్రేరణ తాకదని ఆ ఆయతు చెప్పలేదు. తాకిన తర్వాత ఏం చేయాలో చెప్పింది. ఈ అంశాన్ని ఒక శాస్త్రంగా తీర్చినవారిలో అగ్రగణ్యుడు బస్రాలో పుట్టి బాగ్దాదులో హిజ్రీ 243 (క్రీ.శ. 857)లో కన్నుమూసిన హారిస్ అల్ ముహాసిబీ (ర). ఆత్మపరిశీలనకు 'ముహాసబా' అని పేరు. ఆయనకు ఆ పేరే బిరుదయింది. తలపు కలిగిన వెంటనే కదలక, నిలిచి తూచి చూడమన్నది ఆయన బోధలో ముఖ్యాంశం. ఈ నిలుపుదలనే 'తసబ్బుత్' అన్నారు.

హిజ్రీ 465 (క్రీ.శ. 1072)లో మరణించిన ఇమాం ఖుషైరీ (ర) తమ 'రిసాలా'లో, తలపు దైవం నుండి, దైవదూత నుండి, నఫ్స్ నుండి, షైతాను నుండి రాగలదని వర్గీకరించారు. చివరి రెంటినీ వేరుపరచే గుర్తును జునైద్ బాగ్దాదీ (ర) పేరిట ఉదాహరించారు. నఫ్స్ మొండి బిడ్డ వంటిది. ఒకే కోరికను పట్టుకుని, అది తీరేదాకా అడుగుతూనే ఉంటుంది. షైతానుకు ఏ తప్పయినా ఒకటే. ఒకదానికి లొంగకపోతే మరొకదానిని ముందుకు తెస్తాడు. కనుక రోజూ అదే వేళకు, అదే రూపంలో వచ్చే తలపు నఫ్స్ అలవాటని పోల్చుకోవచ్చు. ఈ 'రిసాలా'కు ఫార్సీలో వ్యాఖ్య వ్రాసినవారిలో ఖ్వాజా బందానవాజ్ (ర) ఒకరు. తైమూరు దండయాత్ర వేళ 1398లో ఢిల్లీ విడిచి, గుల్బర్గా చేరి, 1422లో పరమపదించిన ఆ మహనీయుని ద్వారా ఈ బోధ దక్కన్‌లో పాదుకున్నది.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. చెడు తలపు రావడమే పాపమా? ఎందరో విశ్వాసులు ఈ భయంతో కుమిలిపోతారు. ఇమాం గజాలీ (ర, మరణం క్రీ.శ. 1111) 'ఇహ్యా'లో దీనికి నాలుగు మెట్లుగా సమాధానమిచ్చారు. మొదటిది తలపు తోచడం, రెండవది మనసు అటు మొగ్గడం. ఈ రెండూ మనిషి చేతిలో లేవు, కనుక లెక్క లేదు. మూడవది 'ఇది చేయదగినదే' అని హృదయం తీర్పు చెప్పడం. అందులో మనిషి కోరి చేసినంత మేరకే బాధ్యత. నాలుగవది దృఢసంకల్పం. దానికి జవాబు చెప్పుకోవాలి. కాని దైవభీతితో దానిని విడిచిపెడితే పుణ్యమే వ్రాయబడుతుంది. మనసులో మెదిలినది మాటగానో చేతగానో మారనంతవరకు తన సముదాయానికి మన్నింపు ఉన్నదని దైవప్రవక్త (స) శుభవార్త నిచ్చారు. అంతకు ముందే అబూ జైద్ అల్ బల్ఖీ (క్రీ.శ. 850–934) పీడించే తలపులను ఒక రుగ్మతగా వివరించి, చికిత్స సూచించారు. బాధితుణ్ణి దోషిగా నిలబెట్టలేదు.

1960లలో అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ (1921–2021) తన రోగుల మనసుల్లో అప్రయత్నంగా మెరిసిపోయే తలపులను పట్టి చూపి, వాటిని నిజమని నమ్మక పరీక్షించమన్నారు. ఆ చికిత్స గురి ఉపశమనం. ముహాసిబీ (ర) గురి ప్రళయదినపు లెక్క. దారులు వేరైనా, తలపుకూ చేతకూ నడుమ ఖాళీ ఉన్నదన్న ఎరుకలో రెండూ కలుస్తున్నవి.

ఆ ఖాళీ హైటెక్ సిటీ ఉద్యోగికి నేడు ఇరుకవుతున్నది. ఫోను మ్రోగగానే చేయి అటు పోతుంది. పై అధికారి ఉత్తరం చదవగానే కటువైన జవాబు వేళ్ళ చివరకు వస్తుంది. తోటివాని ఫ్లాటు చూడగానే మోయలేని అప్పు మనసులో మెదులుతుంది. ఈ మూడూ ఇంకా మొదటి రెండు మెట్ల మీదివే. వాటికి లెక్క లేదు. జవాబు పంపే మీట నొక్కడం, అప్పు పత్రంపై సంతకం చేయడం మాత్రం నాలుగవ మెట్టు దాటినవి. మధ్యలో నిలవడానికి పెద్ద సాధన అక్కరలేదు: 'ఇది నిన్న కూడా ఇదే వేళకు వచ్చిందా? దీని వెంట నడిస్తే రేపు ప్రభువు ఎదుట ఏం చెప్పుకోవాలి?' అని రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఆ ప్రశ్నలకు పట్టే క్షణం ఏ ఉద్యోగికైనా దొరుకుతుంది.